బుజ్జికి, ఫ్రైడ్ రైస్ సంగతి

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన ఫ్రైడ్ రైస్ ఫోటో చూశాను. అన్నం నల్లగా, ముద్దగా ఉంది. పైగా ఇంత సాస్ పోసినా హోటల్ రుచి రావట్లేదని ఫిర్యాదు! సాస్ తక్కువై కాదమ్మా, అన్నంలో తడి ఎక్కువై. తడి అన్నం మూకుట్లో ఉడుకుతుంది గానీ వేగదు.

పాత సోనామసూరి బియ్యం గ్లాసుకు గ్లాసున్నర నీళ్ళు చాలు. కాస్త పలుకుగా ఉండగానే దించి, పళ్ళెంలో పరిచి ఆరబెట్టు. ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వేయించు. చల్లబడితే అన్నంలో గంజి బిగిసి మెతుకు విడివిడిగా వస్తుంది. రాత్రంతా వంటగట్టు మీద మాత్రం వదిలేయకు. ఉడికినా చావని సూక్ష్మజీవి ఒకటి అందులో విషం పుట్టిస్తుంది, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. చద్దన్నం తిని పెరిగిన మన ఇళ్ళలో ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వనీ.

ఇక ఆ హోటల్ రుచి. మన షడ్రుచుల లెక్కలో లేని రుచి అది. 1908లో జపాన్‌లో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన చారులో దాని మూలం పట్టుకున్నాడు. అది గ్లుటమేట్. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. పులియబెట్టిన సోయా సాస్‌లో గ్లుటమేట్ దండిగా ఉంటుంది. ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో ఉండేది వేరే పదార్థం, గ్వానిలేట్. ఈ రెండూ కలిస్తే రుచి ఒకటికి ఒకటి కలిపినట్టు కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. మాంసం, గుడ్డు లేని ఫ్రైడ్ రైస్‌కి నిజమైన బలం ఇదే.

కాబట్టి నాలుగు ఎండు షిటాకేలు నానబెట్టి, పిండి, సన్నగా తరుగు. నానిన నీళ్ళు పారబోయకు. పుట్టగొడుగులు వేయించేటప్పుడు రెండు చెంచాలు పోసి ఇగిరిపోనీ. అవి దొరక్కపోతే మామూలు బటన్ పుట్టగొడుగులే ఎర్రగా వేయించు, ఆ రుచి అంత రాకపోయినా ఫరవాలేదు. టేస్టింగ్ సాల్ట్ చిటికెడు వేస్తే కొంపలేం మునగవు. అదీ గ్లుటమేటే. పుట్టగొడుగులుంటే దాని అవసరమే రాదు.

ఇనప మూకుడు పొగలు రానిచ్చి నూనె వెయ్యి. నాన్‌స్టిక్ అంత మంటకు పనికిరాదు. వెల్లుల్లి, పుట్టగొడుగులు, క్యారెట్, బీన్స్, ఆఖర్న క్యాబేజీ. ఇవి కరకరలాడుతూ ఉండగానే అన్నం పొడిపొడిగా చిదిమి వెయ్యి. ఇద్దరి అన్నానికి సోయా సాస్ రెండు టీ చెంచాలే. అదీ అన్నం మీద కాదు, కాలిన మూకుడు అంచున పొయ్యి. చుయ్యిమని మాడీ మాడని వాసన వస్తుంది చూడు, హోటల్ వాళ్ళ గుట్టులో సగం అదే. సాస్‌లోనే బోలెడు ఉప్పుంటుంది, రుచి చూశాకే ఉప్పు వెయ్యి. మిరియాల పొడి, ఉల్లికాడలు వేసి దించేయ్. చిల్లీ సాస్, టమాటా సాస్ సీసాలు ముట్టుకోకు. వాటి తీపి, పులుపు మిగతా రుచినంతా మింగేస్తాయి.

ఆదివారం స్నేహితులు వస్తారన్నావు. అందరికీ ఒకేసారి మూకుడు నింపకు. ఇద్దరికి సరిపడా ఒక్కో వాయి చొప్పున వేయించు. ఆలస్యమైతే వాళ్ళనే ఉల్లికాడలు తరగమను.

మీ పెద్దమ్మ