మండకుండానే పారిపోయే పెట్రోలు

పెట్రోలు బంకు దగ్గరకు వెళ్లగానే ఘాటైన వాసన ముక్కుకు తగులుతుంది. అక్కడ ఏదీ మండటం లేదు గదా! మరి ఆ వాసన ఎక్కడిది? పెట్రోలు ఆవిరై, గాలిలో కలిసి, మన ముక్కు దాకా వచ్చిందన్నమాట. పెట్రోలు వల్ల గాలి పాడవుతుందనగానే మనకు బండి గొట్టం నుండి వెలువడే పొగ మాత్రమే గుర్తుకు వస్తుంది. కాని పెట్రోలు మండకముందే గాలిని పాడు చేయగలదు. ఎంత పాడు చేస్తుందో చాలావరకు దానిని తయారుచేసే శుద్ధి కర్మాగారంలోనే తేలిపోతుంది. అదెలాగో చూద్దాం.

పెట్రోలులో ఏముంది?

పెట్రోలు ఒకే పదార్థం కాదు. కర్బనం, ఉదజని కలిసి ఏర్పడిన అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వీటిలో కొన్ని తేలికైనవి, కొన్ని బరువైనవి. బ్యూటేన్ -0.5 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగుతుంది. పెంటేన్ 36 డిగ్రీల వద్ద, ఆక్టేన్ 126 డిగ్రీల వద్ద మరుగుతాయి. కాబట్టి ట్యాంకు మూత తీయగానే ముందుగా పారిపోయేవి తేలిక పదార్థాలే.

మూసిన పాత్రలో ఒక ద్రవం నుండి లేచిన ఆవిరి పాత్ర గోడలను నెడుతుంది. ఈ నెట్టుడునే బాష్పపీడనం అంటారు. పెట్రోలు బాష్పపీడనాన్ని ప్రయోగశాలలో 37.8 డిగ్రీల వద్ద కొలుస్తారు. ఈ పీడనం ఎక్కువగా ఉంటే ఆ పెట్రోలు తేలికగా ఆవిరవుతుందని అర్థం.

మన ఊళ్ల ఎండ

పాత వరంగల్ జిల్లా నుండి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సంగతి తీసుకోండి. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రయోగశాలలో పనిగట్టుకొని కల్పించే వేడిమి ఇక్కడ చెట్టు నీడలోనే ఉంటుంది! ఎండలో నిలిపిన మోటారు సైకిలు ట్యాంకు ఇంకా ఎక్కువగా వేడెక్కుతుంది. లోపలి ఆవిరి వ్యాకోచించి బయటికి రావాలని చూస్తుంది. రాత్రి చల్లబడగానే ట్యాంకు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. తెల్లవారి ఎండ ఎక్కగానే మళ్లీ అదే కథ.

ఆవిరితో వచ్చే అపకారం

పెట్రోలు ఆవిరి ఒంటరిగా ఊరుకోదు. గాలిలోని నత్రజని ఆక్సైడులతో, సూర్యకాంతి సమక్షంలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తుంది. ఈ సంగతిని 1950 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ నగరపు పొగమంచును పరిశీలించి ఏరీ హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త కనుగొన్నాడు. ఆకాశంలో ఎంతో ఎత్తున ఉన్న ఓజోన్ మనకు గొడుగు వంటిది. నేల దగ్గరి ఓజోన్ మాత్రం ఊపిరితిత్తులను మండిస్తుంది, పైరుల ఆకులను దెబ్బతీస్తుంది.

నత్రజని ఆక్సైడులు వాహనాల నుండీ, బొగ్గును మండించే కేంద్రాల నుండీ వస్తాయి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఎండ సరేసరి. ఇక మూడవదైన పెట్రోలు ఆవిరిని తగ్గించడమే మన చేతిలో ఉన్న తేలికైన మార్గాలలో ఒకటి. మన దేశంలో 2009లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఓజోన్ 100 మైక్రోగ్రాములు దాటరాదు.

ఆవిరికి హద్దు

కాలిఫోర్నియా రాష్ట్రం 1971లోనే ఎండాకాలపు పెట్రోలు బాష్పపీడనం చదరపు అంగుళానికి 9 పౌనులు, అనగా సుమారు 62 కిలోపాస్కల్‌లు దాటరాదని నియమం పెట్టింది. అమెరికా అంతటా ఇటువంటి నియమం 1989 వేసవి నుండి వచ్చింది. మన దేశంలో 2017లో అంతటా అమలుకు వచ్చిన భారత్ స్టేజ్-4 పెట్రోలుకు హద్దు 60 కిలోపాస్కల్‌లుగా ఉండేది. వాతావరణ పీడనం 101 కిలోపాస్కల్‌లని గుర్తుంచుకుంటే ఇదెంతో తెలుస్తుంది.

పీడనం తగ్గించడమెలా? శుద్ధి కర్మాగారంలో పెట్రోలు నుండి బ్యూటేన్‌ను వేరు చేస్తారు. అది వృథా కాదు. మన వంటింటి గ్యాసు సిలిండరులో ఉండేది ముఖ్యంగా బ్యూటేన్, ప్రొపేన్‌లే! అయితే తేలిక పదార్థాలను పూర్తిగా తీసివేస్తే చలిలో ఇంజను ఒక పట్టాన స్టార్టు కాదు. అందుకే చలిదేశాలలో శీతాకాలానికి వేరు పెట్రోలు, వేసవికి వేరు పెట్రోలు తయారుచేస్తారు.

ఇథనాల్ చిక్కు

ఇథనాల్ ఒక్కదాని బాష్పపీడనం పెట్రోలు కన్నా చాలా తక్కువ. కాని 10 శాతం ఇథనాల్ కలిపితే మిశ్రమపు పీడనం తగ్గడానికి బదులు సుమారు 7 కిలోపాస్కల్‌లు పెరుగుతుంది! ఎందుకని? ఇథనాల్ అణువులు తమలో తాము గట్టిగా చేతులు పట్టుకొని ఉంటాయి. పెట్రోలులో చెదిరిపోగానే ఆ పట్టు సడలి, సులువుగా ఎగిరిపోతాయి. మన దేశంలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపడం 2022లోనూ, 20 శాతం 2025లోనూ సాధించారు. 20 శాతం కలిపినంత మాత్రాన పీడనం రెట్టింపుగా పెరగదు. అయినా హద్దు దాటకుండా ఉండాలంటే కలపబోయే పెట్రోలులోనే తేలిక పదార్థాలు తక్కువగా ఉండాలి.

మనం చేయగలిగినది

2020లో వచ్చిన భారత్ స్టేజ్-6 బండ్లలో చురుకైన బొగ్గు నింపిన డబ్బా ఉంటుంది. ట్యాంకు ఆవిరిని అది పట్టి ఉంచి, తరువాత ఇంజనుకు అందిస్తుంది. ఇక మన వంతు: ట్యాంకు మూత గట్టిగా బిగించాలి. బండిని నీడలో నిలపాలి. పెట్రోలును సీసాలలో కొనరాదు, ఇంట్లో నిలువ చేయరాదు. ఆవిరి ఒక్కటే కాదు, నిప్పు ప్రమాదం కూడా పొంచి ఉంటుంది.

చేసి చూడండి

స్టీలు పళ్లెంలో శానిటైజరు, నీరు, కొబ్బరినూనె ఒక్కొక్క చుక్క వేయండి. ఏది ముందు ఆరింది? ఇదే ప్రయోగాన్ని ఎండలోనూ, నీడలోనూ చేసి, పట్టిన కాలం రాసుకోండి. పెట్రోలుతో మాత్రం ఈ ప్రయోగం ఎన్నడూ చేయకండి.

ఆలోచించి చెప్పండి

1. ఒకే పెట్రోలు జనవరిలో కన్నా మేలో ఎక్కువ ఆవిరవుతుంది. ఎందువల్ల?
2. సగం నిండిన ట్యాంకులో ఆవిరికి చోటు ఎక్కువా, నిండు ట్యాంకులోనా?
3. రాత్రిపూట నేల దగ్గర ఓజోన్ కొత్తగా ఎందుకు పుట్టదు?