గుంటల గట్టు మీద బ్లూటూత్ నెట్

విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర లెక్కలు చూసే గుమాస్తాలకు ఈ ఇబ్బంది కొత్తేమీ కాదు. షెడ్డులో కంప్యూటరుకి వైరు మీద నెట్ బాగానే వస్తుంది, చేతిలోని ఫోనులో మాత్రం సిగ్నల్ ఉండదు. కౌంటు రేట్లు వాట్సాప్‌లో చూడాలి, మేత కొట్టువాడికి డబ్బు పంపాలి. కంప్యూటరు నెట్‌నే బ్లూటూత్ మీద ఫోనుకి ఇవ్వొచ్చు. అయితే ఆ కంప్యూటర్లో వై-ఫై ఉంటే బ్లూటూత్ జోలికి పోకండి, వై-ఫై హాట్‌స్పాటే మేలు. బ్లూటూత్ వేగం కాగితం మీద 3 ఎంబీపీఎస్, చేతికొచ్చేది ఒకటో రెండో. సందేశాలకి, చెల్లింపులకి చాలు. వీడియోలు దాని వల్ల కాదు.

విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఉంటుంది. ఏ నెట్‌ని పంచాలో అడిగే చోట ఈథర్నెట్, దేని మీద పంచాలో అడిగే చోట బ్లూటూత్ ఎంచుకుని ఆన్ చేయాలి. ఆ తర్వాతే ఫోనుని జత చేయాలి.

జత కుదిరింది కదా, నెట్ ఎందుకు రాదని చాలామంది తలపట్టుకునేది ఇక్కడే. జత కలవడం వేరు, నెట్ పారడం వేరు. ఆండ్రాయిడ్ ఫోనులో బ్లూటూత్ జాబితాలో కంప్యూటరు పేరు పక్కన గేరు గుర్తు నొక్కితే ‘ఇంటర్నెట్ యాక్సెస్’ అనే మీట కనబడుతుంది. దాన్ని ఆన్ చేయాలి. ఫోనులోనే ఉండే ‘బ్లూటూత్ టెథరింగ్’ దీనికి తిరగబడ్డ పని, ఫోను నెట్‌ని బయటికి ఇచ్చేది. అది ఆఫ్‌లో ఉండాలి. ‘ఇంటర్నెట్ యాక్సెస్’ మీటే కనబడకపోతే రెండు వైపులా పాత జతను తీసేసి, హాట్‌స్పాట్ ఆన్‌లో ఉండగా మళ్లీ జత చేయండి. అప్పటికీ రాకపోతే కంప్యూటర్లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్లలో బ్లూటూత్ పర్సనల్ ఏరియా నెట్‌వర్క్ ఉందో లేదో, ఉంటే డిసేబుల్ అయి ఉందేమో చూడాలి.

హాట్‌స్పాట్ అసలు ఆన్ కానంటే సర్వీసెస్‌లో ‘ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్’ ఆగిపోయి ఉండొచ్చు, స్టార్ట్ చేయండి. నెట్ తీసుకునేది ఫోను కాక ఇంకో ల్యాప్‌టాప్ అయితే దాని ఐపీ అడ్రసు చూడండి. 192.168.137తో మొదలైతే లంకె కుదిరినట్టే, తప్పు అవతలి నెట్‌లో వెతకాలి. 169.254తో మొదలైతే ఇచ్చే కంప్యూటరు అడ్రసు ఇవ్వలేదని అర్థం. యాంటీవైరస్‌తో వచ్చే ఫైర్‌వాల్‌ని ఒక నిమిషం ఆపి చూస్తే దాని పనో కాదో తేలిపోతుంది.

కరెంటు సంగతి వేరు. ఏరేటర్లు జనరేటరు మీదికి మారే ఆ కాసేపట్లో నెట్ బాక్సు ఆరిపోయి మళ్లీ లేస్తుంది. యూపీఎస్ మీదున్న కంప్యూటరు మాత్రం ఆగదు. తెర మీద అన్నీ మామూలుగానే ఉంటాయి, ఫోనులో నెట్ చచ్చిపోతుంది. హాట్‌స్పాట్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది. నెట్ బాక్సుని కూడా యూపీఎస్‌కి తగిలిస్తే ఆ గొడవే ఉండదు. బ్లూటూత్ డాంగిల్ వాడేవాళ్లు దాన్ని ఇనప కేబినెట్ వెనక, యూఎస్‌బీ 3 డ్రైవు పక్కన పెట్టొద్దు. యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది, బ్లూటూత్ నడిచేదీ అక్కడే. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదికి తెచ్చుకోండి.

ఇంకొకటి. బ్లూటూత్ మీద నెట్ వస్తుంది గానీ సిగ్నల్ రాదు. కాబట్టి ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ అందదు. వై-ఫై కాలింగ్‌కీ వై-ఫై కావాల్సిందే. యూపీఐ యాప్ ముందే తెరిచి పిన్ పెట్టుకుని ఉంటే చెల్లింపు జరిగిపోతుంది. కొత్తగా యాప్ పెట్టుకోవాలంటే ఫోనులోని సిమ్ నుంచి బ్యాంకుకి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఆ పని ఊళ్లో సిగ్నల్ ఉన్నచోటే ముగించుకుని గుంట మీదికి రండి.