పాఠం: మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు

పిల్లలూ! మీ అమ్మానాన్నల్లో ఎవరైనా జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో పని చేస్తున్నారా? అయితే గేటు దగ్గర పాస్ చూపించనిదే లోపలికి పంపరని మీకు తెలిసే ఉంటుంది. అది పని చేసే చోటు, సరుకులకు కాపలా కావాలి. కానీ మీ ఇంటి గుమ్మం దగ్గరే ఎవరో నిలబడి "అనుమతి లేకుండా లోపలికి రావద్దు" అంటే మీకు ఎలా ఉంటుంది? నూరేళ్ళ కిందట మన తెలుగు కొండల్లో ఇంచుమించు అలాగే జరిగింది.

అడవే ఇల్లు

విశాఖపట్నం, గోదావరి జిల్లాల కొండల్లో ఉన్న అడవి ప్రాంతాన్ని మన్యం అంటారు. అక్కడి గిరిజనులు అడవిలో కొంత చోటు నరికి, కాల్చి, ఆ బూడిద కలిసిన నేలలో రాగులు, సామలు పండించేవారు. కొన్నేళ్ళకి ఆ నేలను వదిలేసి వేరే చోటికి వెళ్ళేవారు. వదిలిన చోట మళ్ళీ చెట్లు మొలిచేవి. ఈ సాగు పేరు పోడు.

బ్రిటిష్ ప్రభుత్వం 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చింది. దాంతో పోడుకు అడ్డు వచ్చింది. తాతల నాటి నుంచి తిరిగిన అడవిలోనే కట్టెలు కొట్టడానికి ఒకరి అనుమతి కావలసి వచ్చింది. పైగా కొండల్లో రోడ్లు వేయడానికి గిరిజనుల చేత బలవంతంగా పని చేయించి, సరైన కూలి ఇచ్చేవారు కాదు.

రాజు వచ్చాడు

సీతారామరాజు 1897 జులై 4న పాండ్రంగి గ్రామంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పెద్దయ్యాక మన్యంలో సన్యాసిలా ఉంటూ జనానికి మందులిచ్చేవాడు. కల్లు, సారా మానమనేవాడు. తగవులు కోర్టుకు వెళ్ళకుండా పంచాయతీలో తీర్చుకోమనేవాడు. గిరిజనుల కష్టం చూసి, చివరికి వాళ్ళ ముందు నిలబడ్డాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి! వరసగా మూడు రోజులు, మూడు పోలీస్ స్టేషన్లు. రాజు దళానికి 26 తుపాకులు దొరికాయి. ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ పుస్తకంలోనే రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. చూశారా, ఎంత ధైర్యమో!

అతన్ని పట్టుకోవడానికి మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ సైనికులు వచ్చారు. ఊళ్ళ మీద పడి జనాన్ని బాధపెట్టారు. అయినా దాదాపు రెండేళ్ళు రాజు దొరకలేదు. ఎందుకంటే మన్యం జనం అతన్ని కాపాడుకున్నారు.

కోర్టు లేదు, విచారణ లేదు

1924 మే 7న రాజు పట్టుబడ్డాడు. కొయ్యూరులో అతన్ని చెట్టుకు కట్టి కాల్చి చంపారు. జడ్జి ముందుకు తీసుకెళ్ళలేదు, "నువ్వేం చెప్పుకుంటావు?" అని అడగలేదు. అప్పటికి అతనికి 26 ఏళ్ళే. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

రాజు ఒక్కడే కాదు, గిరిజన వీరులు చాలామంది ఈ పోరాటంలో ఉన్నారు. గాం గంటం దొర ప్రాణాలిచ్చాడు. అతని తమ్ముడు గాం మల్లు దొర జైలుకు వెళ్ళి, బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 2022లో ఆ కొండ ప్రాంతంలో పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరే పెట్టారు.

కొత్త మాటలు

గిరిజనులు: కొండల్లో, అడవుల్లో బతికే జనం
తగవు: గొడవ
దళం: కలిసి పోరాడే గుంపు
విచారణ: తప్పు చేశారో లేదో కోర్టు అడిగి తెలుసుకోవడం

ఆలోచించి చెప్పండి

1. అటవీ చట్టం వల్ల గిరిజనులకు వచ్చిన కష్టాలు రెండు చెప్పండి.
2. తుపాకులు తీసుకెళ్తూ రాజు సంతకం ఎందుకు పెట్టి ఉంటాడు?
3. విచారణ జరిగి ఉంటే రాజు కోర్టులో ఏం చెప్పేవాడు? అతని మాటలుగా ఐదు వాక్యాలు రాయండి.

ఇంట్లో చేయండి

మ్యాపులో కొయ్యూరు, పాడేరు వెతకండి. తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, సీతారామరాజు గురించి వాళ్ళు ఏం విన్నారో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకురండి.