సబ్‌మిట్ నొక్కినా ఫారం కదలట్లేదా? ప్రైమ్‌ఫేసెస్‌లో తప్పు ఇలా పట్టుకోండి

ఫోన్‌లో ఫారం మొత్తం నింపి సబ్‌మిట్ నొక్కితే ఒక్కోసారి ఏమీ జరగదు. ఎర్రర్ రాదు, పేజీ మారదు. అది ఫీజు కట్టే ఫారం అయ్యి, ఆ రోజే ఆఖరి తేదీ అయితే ఎవరైనా కంగారులో మళ్లీ మళ్లీ నొక్కుతారు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో పాత జావా ప్రాజెక్టులు చూసే మాలాంటి వాళ్లకు "బటన్ పనిచేయట్లేదు" అనే టికెట్ బాగా అలవాటే. కొత్తగా చేరిన ఫ్రెషర్లకు పనికొస్తుందని నేను వెతికే వరస చెప్తాను.

ముందు ఒక విషయం తెలియాలి. జేఎస్ఎఫ్‌లో ప్రతి రిక్వెస్ట్‌కు సర్వర్‌లో ఆరు దశలుంటాయి. మూడోది వాలిడేషన్. మన మెథడ్ నడిచేది ఐదో దశలో. మూడో దశలో ఒక్క ఫీల్డ్ ఫెయిలైనా నేరుగా ఆరో దశకు, అంటే జవాబు పంపడానికి, వెళ్లిపోతుంది. బ్రౌజర్‌కు మాత్రం 200 కోడే వస్తుంది. అందుకే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

1. రిక్వెస్ట్ వెళ్తోందా?
ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్‌కి వెళ్లి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలపండి. ల్యాప్‌టాప్ క్రోమ్‌లోని ఇన్‌స్పెక్ట్ పేజీ నుంచి ఫోన్‌లో తెరిచిన ట్యాబ్‌ని చూడొచ్చు. నెట్‌వర్క్‌లో రిక్వెస్టే లేకపోతే కన్సోల్‌లో జావాస్క్రిప్ట్ ఎర్రర్ ఉందేమో చూడండి. బటన్ ఫారం ట్యాగ్ బయట ఉందా, ఒక ఫారంలో ఇంకో ఫారం ఉందా అన్నదీ చూడాలి.

2. వెళ్తోంది కానీ మెథడ్ నడవట్లేదా?
ముందుగా వాలిడేషన్‌నే అనుమానించండి. ప్రైమ్‌ఫేసెస్ కమాండ్ బటన్ మామూలుగా ఫారం మొత్తాన్ని ప్రాసెస్ చేస్తుంది, కానీ మనం చెప్పకపోతే ఏదీ అప్‌డేట్ చేయదు. అంటే "ఈ ఫీల్డ్ తప్పనిసరి" అన్న మెసేజ్ తయారవుతుంది గానీ స్క్రీన్ మీదకి రాదు. బటన్ అప్‌డేట్‌లో మెసేజెస్ ఐడీ చేర్చండి.

3. మెథడ్ నడుస్తోంది కానీ విలువలు ఖాళీనా?
ప్రాసెస్‌లో ఎవరో బటన్ ఒక్కదాన్నే రాసి ఉంటారు. అప్పుడు ఇన్‌పుట్ ఫీల్డులు బీన్ దాకా చేరవు.

4. కొన్నిసార్లే పనిచేస్తోందా?
బటన్ రెండర్డ్, డిసేబుల్డ్ షరతుల్ని సర్వర్ నొక్కాక కూడా మళ్లీ చూస్తుంది. బీన్ రిక్వెస్ట్ స్కోప్‌లో ఉంటే పాత డేటా ఉండదు. షరతు మారిపోతే ఆ క్లిక్‌ని సర్వర్ పట్టించుకోదు. ఇలాంటి చోట వ్యూ స్కోప్ వాడండి.

5. కాసేపాగి నొక్కితేనే ఆగిపోతోందా?
ఇది ఎక్కువగా సెషన్ ముగియడం వల్ల వస్తుంది. సర్వర్ లాగ్‌లో వ్యూ ఎక్స్‌పైర్డ్ ఎక్సెప్షన్ ఉంటుంది. దాన్ని హ్యాండిల్ చేసి "సమయం మించింది, మళ్లీ లాగిన్ అవ్వండి" అని యూజర్‌కి చూపించాలి.

చివరిగా, బటన్ బాగయ్యాక పని అయిపోయిందనుకోవద్దు. నొక్కగానే డిసేబుల్ చేసి, జవాబు వచ్చాకే ఎనేబుల్ చేయండి. అదొక్కటే చాలదు, బ్రౌజర్‌ని పూర్తిగా నమ్మలేం. డబ్బు కట్టే ఫారం అయితే ఒకే లావాదేవీ నంబర్ రెండోసారి వస్తే సర్వరే ఆపాలి. లేకపోతే కంగారులో రెండుసార్లు నొక్కిన మనిషి ఖాతాలోంచి డబ్బు రెండుసార్లు పోతుంది.