కణాల పట్టువిడుపులు

సూర్యాపేట నుండి విజయవాడ వైపు సాగే జాతీయ రహదారిపై చివ్వెంల మండలం ఉన్నది. ఈ ప్రాంతంలో వరికోతలు నేడు చాలవరకు యంత్రాల పాలైనవి. అయినప్పటికీ గట్టు మీది గడ్డి కోయటానికి కొడవలి తప్పదు. కొడవలి పట్టిన చేతికి ఎప్పుడో ఒకనాడు గాయమూ తప్పదు. రక్తం కారే వేలిని అదిమిపట్టి, గట్టున దొరికిన గడ్డిచేమంతి ఆకు నలిపి పసరు పిండి, గుడ్డపేలిక చుట్టి తిరిగి పనిలో పడటం పల్లెలలో వాడుక. (మట్టి అంటిన గాయానికి ధనుర్వాతం సూది కూడా అవసరమని ఇక్కడే చెప్పుకోవాలి.) కొన్ని దినాలు గడిచేసరికి సన్నని గీత తప్ప మరేమీ మిగలదు. ఆ గాయాన్ని పూడ్చినదెవరు? పసరు మహిమ అని పెద్దలంటారు. మందు గుణమని చదువుకొన్నవారంటారు. నిజానికి గాయపు అంచున ఉన్న చర్మకణాలే నడిచివచ్చి ఆ ఖాళీని కప్పివేశాయి.

కణం నడుస్తుందన్న మాట వింతగా తోచవచ్చు. పుస్తకంలో మనం చూసే కణం కదలని బొమ్మ. అమీబా మిథ్యాపాదాలతో కదులుతుందని చిన్న తరగతులలోనే చదువుకొన్నాం గాని, మన దేహంలోని కణాలకు కూడా ఆ విద్య తెలుసునని అంతగా తలచం. రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కణజాలంలో నిమిషానికి సుమారు 10 మైక్రోమీటర్లు సాగుతుంది. ఆ లెక్కన ఒక సెంటీమీటరు దాటటానికి దానికి పదహారు గంటలకు పైగా పడుతుంది. చర్మకణాల నడక ఇంకా మందం.

దమ్ము చేసిన మడిలో దిగినవారికి ఒక సంగతి అనుభవమే. గట్టు మీది జిగట నేల కాలికి పట్టు ఇవ్వక జారుస్తుంది. మడిలోని లోతైన బురద పట్టిన కాలిని విడువదు. రెండు చోట్లా నడక సాగదు. పట్టు ఎంత అవసరమో విడుపూ అంతే అవసరం. కణానికి కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. మరీ పలుచగా అంటుకొన్న కణమూ, మరీ గట్టిగా అంటుకొన్న కణమూ ముందుకు పోలేవు. మధ్యస్థమైన పట్టు ఉన్నప్పుడే వేగం అత్యధికమని ప్రయోగాలు నిరూపించాయి.

కణానికి పట్టునిచ్చేవి ఇంటెగ్రిన్లు అనే మాంసకృత్తులు. 1986లో వీటికి ఆ పేరు వచ్చింది. ఇవి కణత్వచానికి ఆరుపారుగా నిలిచి ఉంటాయి. వెలుపలి కొన కొల్లాజన్ వంటి పోగులను పట్టుకొంటే, లోపలి కొన ఇతర ప్రోటీన్ల సాయంతో ఆక్టిన్ తంతువులకు ముడిపడి ఉంటుంది. కాని చేతులున్నంత మాత్రాన పని జరుగదు. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు విడువాలో చెప్పేవారుండాలి. ఆ పని సంకేత ప్రోటీన్లది. లండన్‌లో అలన్ హాల్, ఆయన సహచరులు 1992, 1995 సంవత్సరాలలో ప్రకటించిన పరిశోధనలు ఈ ఆజ్ఞల వ్యవస్థను విప్పి చూపాయి. సీడీసీ42 అనే ప్రోటీన్ ఆజ్ఞతో కణపు అంచున సన్నని వేళ్లు పొడుచుకొని వస్తాయి. రాక్ ఆజ్ఞతో ఆ అంచు విసనకర్రవలె ముందుకు పరచుకొంటుంది. రో ఆజ్ఞతో ఆక్టిన్ కట్టలు బిగుసుకొంటాయి. అప్పుడే వెనుక భాగం ఊడి ముందుకు లాగబడుతుంది.

చేతులు లేని కణం గతి ఏమిటి? 1979లో వైద్యులు కొందరు శిశువుల విషయం వెల్లడించారు. సాధారణంగా ఒకటి రెండు వారాలలో రాలిపోవలసిన బొడ్డుతాడు ఆ శిశువులకు ఎంతకూ ఊడలేదు. అంటురోగాలు మాటిమాటికి వచ్చేవి. ఈ వ్యాధిలో రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు మామూలుకంటె అధికంగానే కనిపిస్తాయి, కాని పుండులో చీము ఉండదు. చీము పట్టకపోవటం మేలని మనమనుకొంటాం. ఈ బిడ్డలకు అదే ప్రాణాపాయ సూచన. తెల్లకణాలు రక్తనాళపు గోడను పట్టుకొనలేక, గాయం పక్కనుండే ప్రవాహంలో కొట్టుకొనిపోతున్నాయి. వాటికి ఒక జాతి ఇంటెగ్రిన్ లోపించటమే అందుకు కారణమని పిమ్మట తేలింది. మరికొందరు పిల్లలలో ఇంటెగ్రిన్ చక్కగానే ఉన్నది, వ్యాధి మాత్రం అటువంటిదే. వారిలో కిండ్లిన్-3 అనే ప్రోటీన్ చెడిపోయిందనీ, అందువల్ల లోపలి ఆజ్ఞ చేతికి చేరటం లేదనీ 2009లో తెలిసింది. వ్యాధి తీవ్రమైనప్పుడు మూలుగ మార్పిడి తప్ప శాశ్వతమైన దారి చాలకాలం కనిపించలేదు.

చర్మకణాల నడక తెల్లకణాల నడకవంటిది కాదు. తెల్లకణం ఒంటరి బాటసారి. చర్మకణాలు గుంపుగా కదులుతాయి. చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి వద్ద రెండేండ్లకొకసారి జరిగే పెద్దగట్టు జాతరను చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ‘ఓ లింగా’ అంటూ గట్టెక్కే జనసమ్మర్దంలో ఒక కుటుంబం వారు ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడుస్తారు. ముందున్నవాడు దారి చూస్తాడు, వెనుకవారు తప్పిపోరు. కణాల మధ్య ఈ చేయీచేయీ పట్టు కడ్హెరిన్లది. జపాన్ శాస్త్రజ్ఞుడు మసతోషి తకెయిచి వీటిని గుర్తించి పేరు పెట్టాడు. కాల్షియం లేనిదే ఇవి పనిచేయవు.

పట్టిన చేయి విడిపోతే జరిగే అనర్థం పుట్టకురుపులో కనిపిస్తుంది. నోటిలో పుట్టిన పుండు మెడ బిళ్లలకు ఎలా పాకుతుంది? పొగాకు నమలే అలవాటు ఉన్న మన ప్రాంతాలలో ఇది పుస్తకాలకే పరిమితమైన ప్రశ్న కాదు. రోగకణాలు చాలచోట్ల కడ్హెరిన్ పట్టును సడలించుకొని, గాయం మాన్పటానికి ప్రకృతి ఏర్పరచిన ఆ నడకనే నడుస్తూ పొరుగు అవయవాలకు చేరుతున్నాయి. కొన్ని విడివిడిగా కాక గుంపుగా కూడా చొచ్చుకొనిపోతాయి. రోగి ప్రాణానికి ముప్పు తెచ్చేది తరచుగా మొదటి గడ్డ కాదు, ఈ వ్యాప్తియే.

ఈ పరిశోధన హైదరాబాదులోనూ సాగింది. 1977లో ఆరంభమైన సీసీఎంబీలో వేగేశ్న రాధ, ఘనశ్యామ్ స్వరూప్, వారి సహచరులు సీ3జీ అనే సంకేత ప్రోటీన్‌పై కృషి చేశారు. ఇది జపాన్‌లో 1994లో బయల్పడిన ప్రోటీన్. ర్యాప్1 అనే మరొక ప్రోటీన్‌ను మేల్కొలిపి ఇంటెగ్రిన్ల పట్టును దృఢపరచటం దీని పనులలో ఒకటి. ఆబ్ల్ అనే ఎంజైము ప్రేరణతో కణపు అంచున పొడుచుకొచ్చే వేళ్లకు సీ3జీ అవసరమనీ, సీ3జీ అధికమైతే ఆ వేళ్లూ పెరుగుతాయనీ సీసీఎంబీ బృందం 2007లో ప్రకటించింది. ఎలుకలలో సీ3జీని పూర్తిగా తొలగించి చూసినవారు 2001లో ఒక విచిత్రం గమనించారు. ఆ పిండాలు ఎనిమిది దినాలైనా నిండకుండానే నశించాయి. వాటి నుండి సేకరించిన కణాలు నేలకు సరిగా అంటలేదు, కాని మామూలుకంటె వేగంగా తిరిగాయి! పట్టు సడలిన నడక పిండాన్ని నిర్మించలేకపోయింది.

అయితే ఈ చేతులను మందుతో కట్టివేయరాదా? ఆ ప్రయత్నమూ జరిగింది. తెల్లకణాలు మెదడులోనికి చొరబడి నరాల పొరలను పాడుచేసే ఒక వ్యాధికి, ఇంటెగ్రిన్‌ను అడ్డగించే నటాలిజుమాబ్ అనే మందును అమెరికాలో 2004లో అనుమతించారు. రోగులకు మేలు కలిగింది. కాని కాపలా కణాలు లోపలికి రాలేని మెదడులో కొందరికి అరుదైన వైరస్ వ్యాధి తలెత్తటంతో 2005లో ఆ మందును ఉపసంహరించి, 2006లో గట్టి నిబంధనలతో మరల ప్రవేశపెట్టారు. మెదడు పుట్టకురుపుపై ప్రయోగించిన సిలెంజిటైడ్ అనే మరొక ఇంటెగ్రిన్ నిరోధకం రోగుల ఆయుష్షును పెంచలేదని 2014లో ఫలితాలు వెలువడ్డాయి. రోగకణానికీ, గాయాన్ని పూడ్చే కణానికీ చేతులు ఒకే రకానివి కావటం వల్ల, ఒకదానిని ఆపి రెండవదానిని నడువనిచ్చే మందు కోసం వెదుకులాట సాగుతూనే ఉన్నది.