ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం

మనవరాలికి,

ఒక్క మనిషి మంచితనంతో సమాజం బాగుపడుతుందా అని అడిగావు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడితే ఆ పూట గడుస్తుంది, ఆ ఆకలికి కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది కదా అన్నది నీ సందేహం. న్యాయమైన సందేహమే. దయ మంచిదని చెప్పడం తేలిక. అది ఎప్పుడు, ఏ దారిలో సమాజాన్ని మారుస్తుందో చూపించడం కష్టం. అందుకే గాలిలో మాట్లాడకుండా ఒక్క విషయమే తీసుకుంటాను: రక్తదానం. నీకు పద్దెనిమిదేళ్లు నిండాయి కాబట్టి నువ్వూ ఇవ్వొచ్చు, అదొక కారణం. ఒక మనిషి ప్రేమ పదిమందికి పనికొచ్చే ఏర్పాటుగా ఎలా మారుతుందో ఇక్కడ కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు, అది అసలు కారణం.

కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తంలో గ్రూపులున్నాయని చూపించాడు. ఆ తర్వాత వైద్యం ఎంత దూరం వచ్చినా, ఆసుపత్రికి కావలసిన రక్తం ఇవాళ్టికీ మనిషి చేతి నుంచే రావాలి. పోనీ ఒకసారి సేకరించి దాచుకుందామా అంటే, ఎర్రకణాలు ఐదారు వారాలకు మించి నిలవవు, ప్లేట్‌లెట్లకు ఐదు రోజులే గడువు. తీవ్రమైన తలసీమియాతో పుట్టిన బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఏళ్ల తరబడి రక్తం ఎక్కించాలి. పదేళ్లు వచ్చేసరికి ఆ బిడ్డ వందమందికి పైగా మనుషుల రక్తంతో బతికి ఉంటుంది. కాన్పులో ఆగకుండా రక్తం పోతున్న తల్లికైతే గంట ఆలస్యమైనా ప్రాణం దక్కకపోవచ్చు. అంటే, అవసరం రాకముందే, అది ఎవరికి వస్తుందో తెలియకుండానే, ఎవరో ఒకరు ఇచ్చి ఉండాలి. నా వాదమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

మన దేశంలో చాలాకాలం ఇలా జరగలేదు. పూట గడవని కూలీలు రక్తం అమ్ముకునేవారు, రక్త నిధులు కొనుక్కునేవి. 1996లో సుప్రీంకోర్టు ఈ అమ్మకానికి రెండేళ్లలో స్వస్తి చెప్పాలని తీర్పిచ్చింది, 1998 నుంచి అది నిషిద్ధమైంది. దీని వెనకున్న తర్కాన్ని రిచర్డ్ టిట్మస్ అనే బ్రిటిష్ ఆచార్యుడు 1970లోనే ఒక పుస్తకంలో వివరించాడు. డబ్బు కోసం వచ్చినవాడికి తన జబ్బు దాచుకోవలసిన అవసరం ఉంటుంది, దానంగా ఇచ్చేవాడికి ఉండదు. అప్పట్లో రక్తం కొన్న అమెరికాలో దాని ద్వారా కామెర్లు ఎక్కువగా సోకుతున్నాయని, దానం మీద నడిచే బ్రిటన్‌లో ఆ ముప్పు తక్కువని చూపించాడు. ఇప్పుడు ప్రతి యూనిట్‌నూ హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు, నిజమే. కానీ కొత్తగా సోకిన ఇన్‌ఫెక్షన్ కొన్నాళ్ల పాటు పరీక్షకు దొరక్కపోవచ్చు. ఆ కొన్నాళ్లూ రోగిని కాపాడేది దాత చెప్పే నిజమే.

అమ్మకం పోయింది కదా, దాని స్థానంలోకి వచ్చిందేమిటో చూడు. రక్తం కావాలంటే మీవాళ్లెవరినైనా తెచ్చి ఇప్పించండి అనే పద్ధతి. పైకి ఇందులో తప్పేమీ కనబడదు. తండ్రి కోసం కొడుకు, చెల్లెలి కోసం అన్న ఇస్తారు, ప్రేమ లేకుండా ఇవ్వరు. అయితే ఊరుకాని ఊరికి పనికోసం వచ్చినవాడు, ముందూ వెనకా ఎవరూ లేని ముసలమ్మ ఎవరిని తెస్తారు? రెండు మూడు వారాలకోసారి తలసీమియా బిడ్డను ఆసుపత్రికి తిప్పే తల్లిదండ్రులు ఎంతమంది బంధువులనని బతిమాలతారు? ఆ సందులోనే దళారి దూరతాడు. బంధువునని అబద్ధం చెప్పి డబ్బుకు రక్తమిచ్చే మనిషిని పట్టుకొస్తాడు. నిషేధించిన వ్యాపారం దొడ్డిదారిన మళ్లీ లోపలికొస్తుంది. మనవాళ్ల వరకే ఆగిపోయే ప్రేమ ఎంత గాఢమైనదైనా సమాజానికి సరిపోదని నేను అనేది ఇందుకే. ముక్కూ మొహం తెలియనివాడి కోసం ముందే ఇచ్చిన రక్తం ఫ్రిజ్‌లో ఉంటే దళారికి అక్కడ పనిలేదు. చట్టం మూయలేకపోయిన ఆ సందును మూసేది నీలాంటివాళ్ల మామూలు మంచితనం.

డబ్బిస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు కదా అని నువ్వు అడగవచ్చు. స్వీడన్‌లో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2008లో వెలువడింది. డబ్బు ఇస్తామన్నాక దాతలు కావడానికి ముందుకొచ్చిన ఆడవాళ్ల సంఖ్య బాగా తగ్గింది, మగవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని ప్రోత్సాహాలన్నీ చెడ్డవని తీర్మానించకు. చిన్న చిన్న కానుకలు దాతలను పెంచాయని, రక్తం సురక్షితత్వమేమీ దెబ్బతినలేదని మరికొందరు పరిశోధకులు 2013లో చూపించారు. మనిషిని ఆదరించడానికీ వాడి పేదరికాన్ని కొనడానికీ మధ్య గీత ఒకటుంది. రోజుకూలి పోగొట్టుకుని వచ్చినవాడికి దారిఖర్చు ఇస్తే నాకు అభ్యంతరం లేదు. రక్తానికి ధర కడితే ఉంది.

ఇంకో ఆక్షేపణ దీనికంటే బలమైనది. మనుషులు మంచివాళ్లైపోతే ప్రభుత్వం తన పని మానేస్తుందని. రక్తం విషయంలో అది అసలు సాధ్యపడదు. పరీక్షలు, శీతల యంత్రాలు, శిక్షణ పొందిన సిబ్బంది, జిల్లా ఆసుపత్రిలో ఖాళీలు లేకుండా భర్తీ చేసిన ఉద్యోగాలు లేకపోతే నువ్విచ్చిన రక్తం మురిగిపోతుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో జనం క్యూలు కట్టి రక్తమిచ్చారు. గాయాలతో బయటపడినవాళ్లు తక్కువ కావడంతో అవసరానికి మించి చేరిన దానిలో ఎంతో రక్తం గడువు దాటి పారబోయవలసి వచ్చింది. ఇరాన్ ఇంకో దారిన నడిచింది. 1974లో జాతీయ రక్తమార్పిడి సంస్థను ఏర్పాటు చేసుకుంది, ఏళ్ల తరబడి స్వచ్ఛంద దాతలను కూడగట్టింది, 2007 నాటికి పూర్తిగా వాళ్ల మీదే ఆధారపడే స్థితికి చేరింది. తలసీమియా ఎక్కువగా ఉన్న దేశం అది. అక్కడ ప్రభుత్వం పౌరుల దయను తన పనికి బదులుగా వాడుకోలేదు, ఆ దయ వృథా కాకుండా చూసే పనిని తన పనిగా పెట్టుకుంది. దానం చేసినవాడికి, తానిచ్చింది ఏమైందని అడిగే హక్కు కూడా వస్తుంది. అడుగు.

పేరు కోసం, ఫొటో కోసం ఇచ్చేవాళ్లుంటారు. వాళ్లను చూసి విసుక్కోకు. 1998లో హైదరాబాదులో సినీ నటుడు చిరంజీవి పెట్టిన రక్త నిధికి ఆయన అభిమానులు బలంగా నిలిచారు. హీరో మీద అభిమానంతో మొదటిసారి వచ్చినవాడు రెండోసారి, మూడోసారి ఎందుకు వస్తున్నాడన్నదే నాకు ముఖ్యం. అలవాటు పడ్డాక చాలామందికి మొదటి కారణం గుర్తుండదు.

ఇక నీ సంగతి. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాబట్టి నిన్ను వెనక్కి పంపినా చిన్నబుచ్చుకోకు. డాక్టరు చెప్పిన మందులు వాడి మళ్లీ వెళ్లు. ఈలోగా నీ తోటి పిల్లలను తీసుకెళ్లవచ్చు. ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. కాలేజీలు మూసే ఏప్రిల్, మే నెలల్లో శిబిరాలు తగ్గి నిల్వలు పడిపోతాయి, వీలైతే అప్పుడు వెళ్లు. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకు. వాళ్లు అడిగే ప్రశ్నలన్నిటికీ, ఇబ్బందిగా ఉన్నా సరే, నిజమే చెప్పు.

ఆశీస్సులతో,
తాతయ్య