ఇంటి కూలరు – దాని సంరక్షణ

విద్యార్థులారా! చెమట ఆరునపుడు మేను చల్లబడుట మీరెరిగినదే. కూలరు చేయు పనియు అట్టిదే. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల ఉష్ణము కావలెను. తడిసిన గడ్డితెరల నడుమ దూరివచ్చు గాలి నుండియే నీరు ఆ ఉష్ణమును గ్రహించును. పొడి యెండలు కాయు మన బళ్లారిలో ఇది చక్కగా సాగును. తేమగాలి వీచు యానాములో అంతగా సాగదు. కిటికీలన్నియు మూసినచో తేమ గదిలోనే నిలిచి ఉక్కపోయును. అది యంత్రము తప్పు కాదు.

బోరునీటిలోని లవణములు గడ్డిపై తెల్లగా పెచ్చుకట్టి నీటిదారులను పూడ్చును. అట్టి గడ్డిని మార్చవలసినదే. బదులుగా వట్టివేళ్లు (కన్నడిగులు లావంచ మందురు) వేసినచో గాలి పరిమళించును, కొంతకాలమే సుమా!

ఇక తొట్టి సంగతి ముఖ్యము. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమ నీటి అంచున, తొట్టిగోడ కంటునట్లు గ్రుడ్లు పెట్టును. అవి తడి లేకున్నను నెలల తరబడి జీవించి, మరల నీరు తగిలినంతనే పొదుగును. కావున నీరు పారబోసిన మాత్రమున చాలదు. వారమున కొకమారు లోపలి గోడలను పీచుతో గట్టిగా తోమి, ఆరనిచ్చి, పిదప క్రొత్తనీరు నింపవలెను. వేసవి ముగిసి కూలరును మూలకు చేర్చునపుడును ఇట్లే చేయవలెను.

తల్లిదండ్రులకు మనవి: రేకు కూలరునకు ఎర్తు తీగ తప్పనిసరి. నీరు పోయుటకు ముందు స్విచ్చి ఆపుటయే గాక ప్లగ్గును ఊడదీయుడు. ఈ పనిని పిల్లలకు అప్పగింపకుడు.